తిరుపతి నుంచి ఇరకం దీవికి: పులికాట్ పక్షుల కోసం ఒక రోజు

తిరుపతి జిల్లా తడ మండలంలో ఉన్న ఇరకం దీవికి రోడ్డు లేదు. భీములవారిపాళెం రేవులో పడవెక్కి పులికాట్ సరస్సు దాటితేనే ఆ ఊరు. దీవి జనానికి పడవే బస్సు, పడవే ఆటో, అవసరమొస్తే అంబులెన్సు కూడా అదే. పక్షులు చూడాలనుకునే వాళ్లకు మన జిల్లాలో ఇంతకు మించిన చోటు లేదు. సగం ఆనందం దీవిలో ఉంటే, సగం ఆ దీవికి చేరే నీటి దారిలో ఉంటుంది.

బయలుదేరే ముందు కచ్చితంగా తెలుసుకోవాల్సింది సరస్సులో నీళ్లెంత ఉన్నాయన్నది. ఏ పక్షి ఎక్కడ దిగుతుంది, పడవ రేవు నుంచి నేరుగా పోతుందా చుట్టు తిరిగి పోతుందా, మధ్యలో దిగి తోయాల్సి వస్తుందా అనేవన్నీ ఆ లోతు మీదే ఆధారపడి ఉంటాయి. అందుకే ముందు నీటి లెక్క చూద్దాం. దారి, పడవ, సామాన్ల సంగతి ఆ తర్వాత.

నీటి లెక్క

మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఉత్తర దక్షిణాలుగా దాదాపు 60 కిలోమీటర్లు సాగుతుంది, ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. అంత విస్తీర్ణం ఉన్నా సగటు లోతు మాత్రం ఒక మీటరు అటూ ఇటూ. దీన్ని గిన్నెలా కాక వెడల్పాటి తాంబాళంలా ఊహించుకోవాలి. ఒక చెంబు నీళ్లు ఎక్కువ పడితే అంచుల దాకా పరుచుకుంటాయి, ఒక చెంబు తగ్గితే అడుగు తేలిపోతుంది. కాళంగి, స్వర్ణముఖి, దక్షిణాన ఆరణి మంచినీళ్లు తెస్తాయి. ముఖద్వారాల గుండా సముద్రపు నీళ్లు వస్తాయి. ఆ ముఖద్వారాలు ఇసుక మేట వేసి పూడుకుపోతే ఉప్పునీటి రాక తగ్గుతుంది, రొయ్యలూ చేపలూ తగ్గుతాయి, ఎండాకాలంలో సరస్సు ఇంకా తొందరగా కుంచించుకుపోతుంది.

మన వైపు అసలు వానలు ఈశాన్య రుతుపవనానివి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండాలతో పాటు వచ్చి సరస్సును నింపుతాయి. నవంబర్‌లో వెళ్తే పడవ ప్రయాణం సుఖంగా ఉంటుంది గానీ, నీళ్లు లోతుగా ఉండి కాళ్ల మీద నడిచి మేసే పక్షులు పలచబడతాయి. డిసెంబర్ చివరి వారం నుంచి నీళ్లు తీయడం మొదలవుతుంది. అప్పటి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా పడవకు సరిపడా నీళ్లూ ఉంటాయి, పక్షులకు సరిపడా పలచని నీళ్లూ ఉంటాయి. మీ చేతిలో ఒక్క రోజే ఉంటే జనవరి రెండో సగంలో పెట్టుకోండి. మార్చిలో పక్షులు ఇంకా ఉంటాయి గానీ పడవ బురదకు తగులుకోవడం ఎక్కువ. ఏప్రిల్ దాటాక ఉత్తర భాగంలో నీరు ఇంకిపోయి, నెర్రెలు విచ్చిన బురద మీద ఉప్పు తెల్లగా పేరుకుని కనిపిస్తుంది. అప్పుడు వెళ్లొద్దు.

ఈ నెలల లెక్క ప్రతి ఏడూ ఒకేలా ఉండదు. వానలు గట్టిగా పడిన ఏడాది ఫ్లెమింగోలు ఆలస్యంగా దగ్గరికొస్తాయి, వానలు ముఖం చాటేసిన ఏడాది జనవరికే రేవు దగ్గర బురద తేలుతుంది. కాబట్టి వెళ్లే వారం ముందు రేవులో పడవ నడిపే వాళ్లను ఫోన్‌లో అడగండి. మీటర్లలో అడిగితే సరైన జవాబు రాదు, వాళ్ల కొలత పడవ తోసే పొడుగు కర్ర, అంటే గెడ. "అన్నా, ఇరకం దారిలో గెడ ఎంత దిగుతుంది? మోకాటి లోతా, తొడ లోతా, నడుం లోతా?" అని అడగండి. నడుం లోతంటే నిశ్చింతగా బయలుదేరవచ్చు. తొడ లోతంటే పడవలో మనుషులను తగ్గించుకోవాలి. చాలా చోట్ల మోకాటి లోతే అంటే దీవి ఆలోచన మానుకుని, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే దారిలోని అటకానితిప్ప రోడ్డు మీదుగానే పక్షులను చూడండి. ఆ లోతులో రోడ్డు పక్కకే బ్రహ్మాండంగా వస్తాయి.

పక్షులే కొలబద్ద

దూరం నుంచే నీటి లోతు చెప్పగలిగేవి పక్షుల కాళ్లు. ఉల్లంకి పిట్టలు పరుగులు పెడుతున్నాయంటే అక్కడ బెత్తెడు నీళ్లు కూడా లేవు. తెడ్డుమూతి కొంగలు, ఎర్రకాళ్ల కొంగలు మోకాటి లోతు లోపలే మేస్తాయి. ఫ్లెమింగో ఎత్తు నాలుగు నుంచి నాలుగున్నర అడుగులు, అందులో సగం దాకా కాళ్లే. కాలి మధ్యలో వెనక్కి వంగినట్టు కనిపించే కీలు దాని మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు ఈకల్లో దాగి ఉంటుంది. ఆ కీలు నీటి పైన స్పష్టంగా కనిపిస్తోందంటే అక్కడ మోటారు పంకా తిరగదు. కీలు మునిగి, పొట్ట కింది ఈకలు నీటికి తాకుతున్నట్టుంటే పడవ పోయే లోతు దగ్గర్లోనే ఉంది. గూడబాతులు (పెలికాన్లు) తేలుతూ, నీటికాకులు మునిగి లేస్తూ కనిపించే చోటు అన్నిటికన్నా లోతు. పడవ దారి మామూలుగా అటే ఉంటుంది.

ఫ్లెమింగో మేత దగ్గర కాసేపు ఆగి చూడండి. తల పూర్తిగా తలకిందులు చేసి, ముక్కు పైభాగం అడుగు వైపు ఉండేలా నీటిలో ముంచుతుంది. నాలుక పంపులా ఆడుతూ నీళ్లను లోపలికి లాగి బయటికి తోస్తుంటే, ముక్కు అంచున ఉన్న దువ్వెన పళ్ల లాంటి పొరల్లో చిన్న రొయ్యపురుగులు, నాచు చిక్కుకుంటాయి. ఒక్కోసారి తల నీటిలోనే ఉంచి, రెండు కాళ్లతో బురద తొక్కుతూ చుట్టూ తిరుగుతుంది. నీళ్లు తీసిన చోట బురదలో పళ్లెమంత గుండ్రటి గుంటలు కనిపిస్తే అవి ఈ తొక్కుడు గుర్తులే. మేతలోని రంగు పదార్థం వల్లే గులాబి రంగు వస్తుంది. గుంపులో బూడిద రంగువి కనిపిస్తే అవి పిల్లలు, రోగమొచ్చిన పక్షులు కావు. ఇవి గూళ్లు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. ఇక్కడికి వచ్చేది తిండికే. అందుకే వాటి తిండి వేళ మనం పాడు చేయకూడదు.

రోజు ఎంచుకోవడం, అనుమతులు

మూడు రకాల రోజులు వదిలేయండి. మొదటిది బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్న రోజు. కృష్ణపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారన్నా, మత్స్యకారులను వేటకు వెళ్లొద్దన్నారన్నా సరస్సు కూడా మీది కాదు. లోతు తక్కువ నీటిలో గాలి లేపే అలలు పొట్టిగా, దగ్గర దగ్గరగా, నిటారుగా వస్తాయి. చిన్న పడవ ఒక అల మీద నుంచి తేరుకునేలోపే రెండోది కొడుతుంది. రెండోది శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజు. సూళ్లూరుపేట రోడ్లన్నీ వాహనాలతో నిండిపోతాయి, తనిఖీలు ఎక్కువ. మూడోది ఫ్లెమింగో ఫెస్టివల్. 2025లో జనవరి 18 నుంచి 20 వరకు జరిగింది. భీములవారిపాళెంలో పడవ షికారు కూడా అందులో భాగమే. పిల్లలకు పండగ చూపించాలంటే చక్కగా వెళ్లండి, పక్షులను ప్రశాంతంగా చూడాలంటే పండగ ముగిసిన వారం తర్వాత వెళ్లండి.

సరస్సులో మన వైపు భాగం పక్షుల అభయారణ్యం. సూళ్లూరుపేటలో అటవీశాఖ వన్యప్రాణి విభాగం కార్యాలయం ఉంది. ఎక్కడెక్కడ తిరగొచ్చు, రుసుములేమిటి, కెమెరాకు వేరే టికెట్ ఉందా అన్నది వెళ్లే ముందు అక్కడే అడిగి తెలుసుకోండి. డ్రోన్ ఇంట్లోనే పెట్టి రండి. ఇది అభయారణ్యం, పైగా పక్కనే అంతరిక్ష కేంద్రం. డ్రోన్ చప్పుడుకు గుంపులు గుంపులు లేచిపోతాయి, మీ మీద కేసు పడుతుంది. శ్రీహరికోట కూడా దీవే, మంచి అడవి ఉంది, కానీ షార్ (అంతరిక్ష కేంద్రం) గేటు దాటడానికి అనుమతి పత్రం కావాలి. దాన్ని ఈ ప్రయాణంలో కలుపుకోవద్దు.

సామాన్లు

మనిషికి 3 లీటర్ల మంచినీళ్లు. దీవిలో హోటలు ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకండి. పులిహోర, చపాతీ లాంటివి రెండు పూటలకు కట్టుకోండి. పెరుగన్నం మధ్యాహ్నానికి పులుస్తుంది, వద్దు. గడ్డం కింద తాడు కట్టుకునే టోపీ, పొడుగు చేతుల చొక్కా తెచ్చుకోండి. ఎండ పై నుంచే కాక నీటి మీద నుంచీ కొడుతుంది, ముక్కు కిందా గడ్డం కిందా కూడా కమిలిపోతుంది. రంగులు మట్టి రంగో బూడిద రంగో ఉండాలి. తెలుపు, ఎరుపు పక్షులకు దూరం నుంచే తెలిసిపోతాయి.

చెప్పులకు బదులు మడమ పట్టీ ఉన్న శాండిల్స్ గానీ, తడిసినా ఫర్వాలేదనుకునే పాత బూట్లు గానీ వేసుకోండి. హవాయి చెప్పులను బురద పట్టుకుంటే వదలదు, ఉత్త కాళ్లతో దిగితే గుల్లలు కోస్తాయి. ఒక ఫ్లాస్కు నిండా వేడినీళ్లు తప్పకుండా పెట్టుకోండి. ఎందుకో కింద చెప్తాం. ఫోన్లు, పర్సులకు జిప్ కవర్లు, కెమెరాకు పెద్ద ప్లాస్టిక్ సంచి కావాలి.

బైనాక్యులర్ 8x42 అయితే పడవకు సరిగ్గా సరిపోతుంది. 10x తెస్తే ఊగుడు కూడా అంత పెద్దగా కనిపిస్తుంది. స్పాటింగ్ స్కోప్ (స్టాండు మీద నిలిపి చూసే దూరదర్శిని) పడవలో పనికిరాదు, కారులోనే ఉంచి సాయంత్రం రోడ్డు మీద వాడండి. కెమెరాకు 400 మిల్లీమీటర్ల లెన్సు ఉంటే మేలు. షటర్ వేగం 1/1600కు తగ్గనివ్వకండి. లెన్సును పడవ అంచు మీద ఆనించొద్దు, మోటారు అదురు మొత్తం ఫోటోలోకి వస్తుంది. మోచేతులు మీ పక్కటెముకలకు ఆనించి పట్టుకోండి.

తిరుపతి నుంచి రేవుకు

సొంత బండైతే శ్రీకాళహస్తి, వరదయ్యపాళెం, తడ మీదుగా దాదాపు 100 కిలోమీటర్లు. సంక్రాంతి రోజుల్లో మంచు పడుతుంది, తెల్లవారుజామున లారీలు ఉంటాయి, రెండు గంటలు పైనే పడుతుంది. 4 గంటలకు బయలుదేరితే 6.15కు రేవులో ఉంటారు. జనవరిలో పొద్దు పొడిచేది 6.30 దాటాక. బస్సులోనైతే ఆ వేళకు చేరడం కుదరదు. ముందు రోజు సాయంత్రమే నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేటకు వెళ్లి లాడ్జీలో పడుకుని, తెల్లారి ఆటోలో తడ వైపు రండి. దీవిలో రాత్రి బస లెక్కలో పెట్టుకోకండి.

పడవ ఎక్కే ముందు

దీవి వాళ్లు ఊరికి వచ్చిపోయే పడవలు వేరు, మీరు మాట్లాడుకునే పడవ వేరు. బడి పిల్లలు, రేషన్ మూటలు, రోగులు పోయే పడవలో కెమెరా సంచులతో జాగా ఆక్రమించకండి. ముందు రోజే పడవ మాట్లాడుకోండి. వెళ్లడానికి, రావడానికి, మధ్యలో మోటారు ఆపి నిలబడే సమయానికి కలిపి ఒకే బాడుగ అనుకోండి. "ఆగడం" మాట ముందు చెప్పకపోతే నీటి మధ్యలో పేచీ వస్తుంది. తప్పు పడవ మనిషిది కాదు, ఆయనకు డీజిలు, మధ్యాహ్నపు వేట రెండూ పోతాయి.

సేఫ్టీ జాకెట్ లేని పడవ ఎక్కొద్దు. "లోతెక్కడుంది సార్, మోకాలి దాకే కదా" అంటారు. ఇదే సరస్సులో తమిళనాడు వైపు 2011 డిసెంబర్ 25న పడవ తిరగబడి 22 మంది చనిపోయారు. సగటున లోతు తక్కువే అయినా పడవ కాలువల్లో, ముఖద్వారాల దగ్గర నిలువు లోతు ఉంటుంది. అడుగున బురదలో కాలు దిగబడితే నడుం లోతులో కూడా మనిషి నిలబడలేడు. జాకెట్ ఒంటికి బిగుతుగా ఉండాలి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే చెవుల దాకా వచ్చిందంటే వదులని లెక్క. పిల్లలకు పిల్లల సైజే కావాలి, పెద్దల జాకెట్‌లోంచి కిందికి జారిపోతారు. అది దొరకకపోతే పిల్లలను తీసుకెళ్లొద్దు.

నాటు పడవలో నలుగురైదుగురు చూసేవాళ్లు చాలు. బరువు పెరిగే కొద్దీ పడవ కిందికి దిగుతుంది, రెండడుగుల నీళ్లు లేనిచోట పంకా బురద తోడుతుంది. గెడ ఉందా, నీళ్లు తోడే డబ్బా ఉందా, పడవలో ఇద్దరు పనివాళ్లు ఉన్నారా అని చూసుకోండి. ఒక్కడే ఉంటే మోటారు పట్టుకునేవాడు గెడ వేయలేడు.

నీటి మీద

6.30కు కదిలితే సుమారు గంట ప్రయాణం అనుకోండి, ఎదురుగాలి ఉంటే ఇంకో అరగంట. పొద్దున మీరు పోయేది తూర్పుకు, సూర్యుడు ఎదురుగా ఉంటాడు, ముందున్న పక్షులన్నీ నల్లటి బొమ్మల్లా కనిపిస్తాయి. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు కాబట్టి, మీ ఎడమ పక్క, అంటే ఉత్తరం వైపు చూడండి. రంగులన్నీ అటే తేలతాయి. పడవలో ఎడమ అంచున కూర్చోవాలని అందరూ ఒకేసారి జరిగితే పడవ ఒరుగుతుంది. వంతులు వేసుకోండి.

నీటిలో వరుసగా కొయ్యలు కనిపిస్తే వాటి మధ్య వల ఉంటుంది. అక్కడ దగ్గరి దారి పట్టమని ఒత్తిడి చేయొద్దు. పంకాకు వల చుట్టుకుంటే మీకు పోయేది గంట, వల వేసిన ఇంటికి పోయేది వారం కూలి.

గుంపు కనిపించగానే 300 మీటర్ల దూరంలో మోటారు ఆపించండి. అక్కడి నుంచి గెడతో, నేరుగా కాక పక్కవాటుగా, వాటిని దాటి పోతున్నట్టు సాగాలి. 150 మీటర్ల దగ్గర ఆగిపోవాలి. ఇంకా దగ్గరికి వచ్చేశామా అన్నది పక్షులే చెప్తాయి. మేసే గుంపులో తలలన్నీ నీటిలో ఉంటాయి. నాలుగైదు తలలు లేచాయంటే గమనించాయి. అన్నీ లేచి మెడలు నిటారుగా పెట్టి ఒకే దిక్కుకు నడక మొదలెట్టాయంటే మీరు గీత దాటారు. అప్పుడు గెడ ఆపి, కదలకుండా పది నిమిషాలు కూర్చోండి, చాలాసార్లు మళ్లీ మేతలో పడతాయి. "ఒక్కసారి లేపితే రెక్కల ఎరుపు కనబడతాది సార్" అని పడవ మనిషి ఉత్సాహపడతాడు, బక్షీస్ కోసం చప్పట్లు కొట్టేవాళ్లూ ఉంటారు. పడవ ఎక్కేటప్పుడే వద్దని చెప్పండి. ఫ్లెమింగో లేవాలంటే నీటి మీద పరుగు తీయాలి. అలా రోజుకు నాలుగు పడవలు లేపితే తిన్న తిండంతా ఆ పరుగులకే చాలదు. ఓపికగా కూర్చుంటే అవే చోటు మారడానికి లేస్తాయి, ఆ ఎరుపు అప్పుడు చూడొచ్చు.

పడవ బురదకు తగులుకుంటే మోటారు పెంచకండి, ఇంకా దిగబడుతుంది. మనుషులంతా ముందుకు జరిగితే వెనక భాగం తేలుతుంది, గెడతో వెనక్కి తోస్తే వస్తుంది. దిగి తోయక తప్పకపోతే అడుగులు ఎత్తి వేయకుండా, పాదాలను బురద మీద రాసుకుంటూ నడవండి. బురదలో టేకు చేప పడుకుని ఉంటే పాదం తగలగానే తప్పుకుంటుంది, పై నుంచి తొక్కితే తోక ముల్లుతో పొడుస్తుంది. జెల్ల చేప ముల్లు కూడా అంతే బాధ. పొడిస్తే గాయాన్ని కడిగి, చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో అరగంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి బాగా తగ్గుతుంది. ఫ్లాస్కు అందుకే. ఆ నీళ్లు చల్లారాక దీవిలో ఏ ఇంట్లో అడిగినా వేడినీళ్లు పెట్టిస్తారు. ముల్లు ముక్క లోతుగా ఉంటే లాగకుండా సూళ్లూరుపేట ఆసుపత్రికి వెళ్లండి, టీటీ ఇంజెక్షన్ వేయించుకోండి.

దీవిలో

రెండు రెండున్నర గంటలు చాలు. ఊళ్లో మొదట కనిపించిన పెద్దమనిషికి చెప్పి తిరగండి. "పెద్దాయనా, పక్షులు చూసిపోదామని వచ్చాం" అంటే చాలు, ఏ వైపు బురద గట్టిగా ఉందో, ఏ వైపు దిగబడుతుందో ఆయనే చెప్తాడు. ఆ సమాచారం ఏ మ్యాపులోనూ దొరకదు. ఎండబెట్టిన వలల మీదుగా, చేపల గట్ల మీదుగా నడవకండి. ఇళ్ల ఫోటోలు, ఆడవాళ్ల ఫోటోలు అడగకుండా తీయొద్దు.

ఊరు దాటి నీటి అంచుకు పోయి, చెట్ల నీడలో కూర్చుని చూడటమే మంచి పద్ధతి. నిలబడ్డ మనిషి ఆకారం పక్షులకు భయం, కూర్చున్న మనిషిని అంతగా పట్టించుకోవు. గరుడ పక్షి నీటి మీద చక్కర్లు కొడుతూ చేపను కాళ్లతో ఎగరేసుకుపోవడం, గోధుమ తల గల్ పక్షులు పడవల వెనకాల ముసరడం కూర్చున్న చోటు నుంచే కనిపిస్తాయి. ఆ గల్ పక్షులు లడఖ్, టిబెట్ ఎత్తైన సరస్సుల దగ్గర పిల్లలు చేసి చలికాలానికి దిగొచ్చినవి. తెచ్చిన చెత్త మొత్తం తిరుగు పడవలో మీతోనే రావాలి. చెత్త బండి వచ్చే ఊరు కాదది.

మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది, అలలు పెరుగుతాయి. 11 గంటలకల్లా తిరుగు పడవ ఎక్కండి. ఇంకాసేపు ఉందామనిపిస్తుంది, ఉండొద్దు.

సాయంత్రం: రోడ్డా, నేలపట్టా

భోజనం అయ్యాక అటకానితిప్ప రోడ్డు, నేలపట్టు పక్షుల అభయారణ్యం, ఈ రెండిట్లో ఒకటే ఎంచుకోండి. అటకానితిప్ప సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సును చీలుస్తూ పోయే రోడ్డు మీద ఉంది. ఇరుపక్కలా నీళ్లే. రోడ్డు తూర్పు పడమరలుగా ఉంది కాబట్టి ఇక్కడ కూడా ఉత్తరం పక్క నీళ్లే చూడటానికి అనువు. 3.30 తర్వాత వెళ్లండి, అంతకు ముందు ఎండ ఆవిరికి దూరపు పక్షులు నీళ్లలో కరిగిపోతున్నట్టు కదులుతాయి. కారు దిగకుండా అద్దం దించి చూస్తే పక్షులు బాగా దగ్గరగా దొరుకుతాయి, తలుపు తెరిచిన చప్పుడుకే జరిగిపోతాయి. వేగంగా పోయే వాహనాల రోడ్డు అది, బండిని పూర్తిగా పక్కకు దించి ఆపండి.

నేలపట్టు దొరవారిసత్రం దగ్గర, నాయుడుపేట మీదుగా ఇంటికి పోయే దారిలోనే. 1976 నుంచి అభయారణ్యం, 458.92 హెక్టార్లు. ఇక్కడ చెరువు నీటిలో నిలబడిన కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు గూళ్లు కడతాయి. పులికాట్‌లో పట్టిన చేపను గొంతు సంచిలో తెచ్చి పిల్లకు పెట్టే గూడబాతును చూడాలంటే ఇదే చోటు. పిల్ల తల్లి గొంతులోకి మెడ దాకా దూర్చి తింటుంది. పొద్దున మీరు తిరిగిన సరస్సు నీళ్లు తగ్గితే ఇక్కడి పిల్లల కడుపు కూడా మాడుతుంది. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పైరుకు బలమని ఊరివాళ్లు ఈ పక్షులను తరాలుగా కాపాడుకుంటున్నారు. గూళ్ల కింద గట్టిగా మాట్లాడొద్దు. పెద్దపక్షి బెదిరి లేస్తే గుడ్లను కాకులు ఎత్తుకుపోతాయి.

ఇంటికి చేరాక చూసిన జాతులను, లెక్కను, చోటును ఈబర్డ్‌లో (చూసిన పక్షులను నమోదు చేసే వెబ్‌సైట్) ఎక్కించండి. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, ఆ రోజుల్లో వెళ్తే మీ లెక్క దానికీ పనికొస్తుంది. వ్యాఖ్యల చోట ఇంకో వాక్యం కలపండి: ఇరకం దారిలో ఆ రోజు గెడ ఎంత లోతు దిగిందో.